ఫలితం ఇంటికి తెచ్చే సిస్టరమ్మ

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా గల్లీ సిస్టరమ్మ చనిపోయింది. చర్చి నుంచి వచ్చి, వంకాయ కూరతో అన్నం తిని, ఫ్యాన్ కింద నడుం వాల్చి మళ్ళీ లేవలేదు. డెబ్బై దాటిన మనిషి, గుండె ఆగిందన్నారు. నాకు కబురు తెచ్చినవాడు పాన్‌డబ్బా యాదగిరి. మా మెట్ల దగ్గర నిలబడి, "పంతులు సాబ్, సిస్టరమ్మ పోయింది," అన్నాడు. ఆపైన భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

నా దుఃఖంలో కొంచెం స్వార్థం కూడా కలిసి ఉందని ముందే చెప్పేస్తాను. ఆ వారంలోనే ఆమె నా నోట్లోకి టార్చి వేసి చూసి, ఎడమ బుగ్గ లోపల గరుకుగా ఉందని గుర్తుపట్టి, దగ్గరుండి చిన్న ముక్క తీయించింది. పరీక్షకు పంపించి, "వచ్చే వారం జవాబు నేనే తెస్త పంతులూ, అప్పటిదాంక ఫికర్ చెయ్యకు," అంది. ఇప్పుడామె లేదు, నా జవాబు ఎక్కడో ఉంది. ఆమె పోయినందుకు ఏడవాలో, ఆ జవాబు ఎవరు తెస్తారని కంగారు పడాలో తెలియక నేను రెండూ చేశాను.

మాది ధూల్‌పేట్‌కూ కార్వాన్‌కూ నడుమ ఉండే ఇరుకు గల్లీ. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్ళు, దర్జీలు, ఆటోవాళ్ళు, చర్చికి పోయే కుటుంబాలు, గుడి సేవలో ఉన్న మాలాంటి రెండు మూడు ఇళ్ళు. నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఒక్క రోజు కూడా దేవుడికి హారతి పట్టి ఎరుగను, అయినా పుట్టిన ఇంటిని బట్టి అందరికీ పంతులునే. ఆమె సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. అందరికీ సిస్టరమ్మ. ఆమె సొంత పేరు నాకు సమాధుల తోటలో పాస్టరుగారు చదివినప్పుడే తెలిసింది. ఎవరి గురించి చెబుతున్నారా అని ఒక్క క్షణం పక్కకు చూశాను కూడా.

ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న టార్చి ఉండేది. కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతూ ఏరుతూ, "ఏదీ, నోరు తెరువు," అనేది. బండివాడు తెరిచేవాడు. తెరవకపోతే ఏరిన బెండకాయలు అక్కడే పోసి పోతుందని అతని భయం. ఆటో ఎక్కినా అంతే, దిగేముందు డ్రైవరు నోరు చూడనిదే కదిలేది కాదు. ఎవరైనా మొహమాటపడి మాటల్లోకి దింపబోతే, "నోరు తెరువు, ముచ్చట తర్వాత," అనేది. మా గల్లీలో చంటిపిల్లలు కూడా ఆమెను చూడగానే పిచ్చుకపిల్లల్లా నోళ్ళు తెరిచేవాళ్ళు.

పెళ్ళిళ్ళలో ఆమె నిలబడే చోటు పాన్ బీడాల పళ్ళెం పక్కన. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ, కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఆమెను బీడాలు పంచే మనిషనుకుని చెయ్యి చాపాడు. ఆమె ఆయన్ను లైటు కిందికి జరిపి, నోరు తెరిపించి, లోపలంతా చూసి, చేతిలో ఇంత సోంపు పోసి, "సోమవారం పొద్దుగాల మా పరీక్షల గదికి రా బాపు," అని పంపింది. ఆయన కోపంతో ఊగిపోయాడు. సోమవారం పొద్దున్నే వచ్చాడు కూడా.

మా అమ్మ బతికున్నన్నాళ్ళూ క్రిస్మస్‌కు ఆమె మా ఇంటికి విడిగా గుడ్డు వేయని కేకు చేసి పంపేది. అమ్మ ఆ కేకును వాసన చూసి, నన్ను తినమని, నాకేమీ కాలేదని ఖాయం చేసుకున్నాక తాను తినేది. ఈ సంగతి సిస్టరమ్మకు తెలుసు. ఏటా, "మీ అమ్మ పరీక్షల పాసైనవా?" అని నన్ను అడిగేది. చర్చిలో ఆమె పాట మిగతా అందరి పాటకన్నా ఒక అడుగు ముందు నడిచేది. పాస్టరుగారు ఎంత చెప్పినా ఆగి కలుపుకోవడం ఆమెకు చేతకాలేదు.

నాతో ఆమెకు నిత్యం లొల్లి వక్కపొడి గురించే. పాన్ తినను, జర్దా ముట్టను, భోజనం కాగానే చిటికెడు వక్కపొడి, అది దేవుడి తాంబూలంలోది, దానికి దోషమేమిటని నా వాదన. "దేవుడు మింగుతుండా పంతులూ? ఆయన ముందట వెట్టి నువ్వే కదా నములుతున్నవు," అని ఆమె జవాబు. ఆ వాదనలో నేను ఎన్నడూ గెలవలేదు. వక్కపొడీ మానలేదు.

ఇక ఆమె అసలు పని గురించి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఎవరో పరిశోధనవాళ్ళు మా గల్లీకి వచ్చారు. నోటి కేన్సర్ మీద అధ్యయనమన్నారు. అందరూ వరసలో నిలబడి చిన్న చిన్న సీసాల్లో ఉమ్మి ఇచ్చారు. వాళ్ళు ఫోటోలు తీసుకుని, మూతలు బిగించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఎవరి ఉమ్మిలో ఏముందో, అసలు ఏమైనా ఉందో లేదో, ఒక్కరూ చెప్పలేదు. అప్పటి నుంచి మా దగ్గర ఏది తిరిగిరాకపోయినా "ఉమ్మి పోయినట్టు పోయింది" అనడం అలవాటైంది. ఇరుగుపొరుగు గిన్నె తీసుకుని ఇవ్వకపోయినా అదే మాట.

అలాంటి గల్లీలోకి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. నగరం అవతలి వైపున్న పెద్ద కేన్సర్ ఆసుపత్రిలో పరిశోధన చేస్తాడు. మనిషి పొట్టి, అందుకని చిన్న డాక్టర్ అన్నాం, అతను కూడా ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాడు. అతను చెప్పింది సూటిగా ఉంది. ఒకే నగరంలో పెద్ద పెద్ద కాలనీల్లో ఈ జబ్బు గోరంత ఉండగానే పట్టుబడుతోంది. మన వైపు మాత్రం దవడ తెరుచుకోకుండా పోయేదాకా ఎవరూ చూడటం లేదు. ఈ తేడా ఎందుకు, దీన్ని చెరపడం ఎలా అన్నది అతని ప్రశ్న. దానికి నిధులిచ్చే సంస్థ ఒకటి ఢిల్లీలో ఉంది. వాళ్ళు ఒక షరతు పెట్టారట, ఆసుపత్రి ఒక్కటే అడిగితే ఇవ్వరు, బస్తీ కూడా భాగస్వామి కావాలి. ఏం పరిశోధించాలన్న నిర్ణయంలో, ఖర్చులో, తేలిన సంగతులు వినడంలో బస్తీకి సమానమైన వాటా ఉండాలి.

సిస్టరమ్మ అంతా విని, చీర కొంగు సర్దుకుని చెప్పింది. "నీ సోపతి మాకు ఇష్టమే బిడ్డా. నువ్వు మా నోళ్ళు చూస్తవు, కాగితాలు రాస్తవు, పెద్దోనివైతవు. మంచిదే. గని ఎవ్వరి జవాబు వాళ్ళ ఇంటికి రావాలె. గట్ల రాకుంటే ఈ గల్లీల నుంచి ఉమ్మి చుక్క బయటికి పోదు."

ఫోన్లకు మెసేజ్ పంపుతామన్నాడు అతను. ఆమె ఒప్పుకోలేదు. "ఫోన్ల భయం ఒక్కటే వస్తది, మనిషి రాడు. నేను తీస్కపోత," అంది. అతను సరేనన్నాడు. ఆ మాట మీద పని మొదలైంది.

దరఖాస్తులో బస్తీ తరఫున రాయవలసిన భాగం నా నెత్తిన పడింది. నాకు తెలిసిన ఇంగ్లీషంతా కరెంటు ఆఫీసుది. రాసి ఇస్తే చిన్న డాక్టర్ చదివి చాలాసేపు నవ్వాపుకున్నాడు. ఏడు రోజుల్లో కేన్సర్ హాజరు కాకపోతే కనెక్షన్ కత్తిరిస్తామన్నట్టుగా ఉందట. అతను దాన్ని మనుషుల భాషలోకి మార్చాడు. నిధులు వచ్చాయి. కమ్యూనిటీ హాలు పక్కన ఖాళీగా పడి ఉన్న గదికి సున్నం వేయించి, ఒక కుర్చీ, ఒక మంచి లైటు పెట్టారు. వారానికోసారి చిన్న డాక్టర్ వచ్చేవాడు, మిగతా రోజుల్లో సిస్టరమ్మ. జబ్బు ఉందని తేలినవాళ్ళను తానే వెంటబెట్టుకుని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళేది. సంచిలో టార్చితో పాటు వాళ్ళకు అటుకులు, నీళ్ళసీసా కూడా మోసుకుపోయేది.

మొదటి విడత నిధులు అయిపోవచ్చాయి. రెండో విడత ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఢిల్లీ నుంచి ముగ్గురు వస్తున్నారని కబురు అందింది. వాళ్ళు వద్దంటే గది మూతపడుతుంది, పరీక్ష చేయించుకుని జవాబు కోసం చూస్తున్నవాళ్ళు మళ్ళీ ఉమ్మి పోయినట్టే అనుకోవాలి. సిస్టరమ్మ ఇంటింటికీ తిరిగి, పెద్దవాళ్ళు వస్తున్నారు, గల్లీ ఇజ్జత్ కాపాడండి అని చెప్పింది. మోరీలు శుభ్రం చేసుకోమని ఆమె ఉద్దేశం. మా వాళ్ళు ఏదైనా చేస్తే సగంలో ఆపే రకం కాదు.

చవితికి ముందు రోజులవి. బొమ్మలవాళ్ళ దగ్గర రంగు పుష్కలంగా ఉంది. వాళ్ళు పాన్ మరకలున్న గోడలన్నిటికీ వినాయకుడి ఒంటికి వేసే గులాబీ రంగు పూసేశారు. గల్లీ మొదలు నుంచి చివరి దాకా ఏనుగు తొండంలా మెరిసిపోయింది. యాదగిరి పాన్‌డబ్బా మూసి, బోర్డు మీద పెళ్ళి షామియానా గుడ్డ కప్పేశాడు. అందరూ పళ్ళు తోముకుని, నోట్లో పిప్పరమెంటు వేసుకుని, ఇస్త్రీ బట్టల్లో వాకిళ్ళలో నిలబడ్డారు. పెళ్ళిచూపులకు కూడా అంత తయారు కారు.

ఢిల్లీవాళ్ళలో పెద్దాయన హిందీలో అడిగాడు, ఈ గల్లీలో పొగాకు నమిలేవాళ్ళు ఎంతమంది ఉంటారని. ఎవరూ లేరన్నారు మా వాళ్ళు. పాన్ తినేవాళ్ళో? తౌబా తౌబా అన్నారు. ఆడవాళ్ళలో? ఆ మాటకు అత్తలూ కోడళ్ళూ కలిసి చెంపలు వేసుకున్నారు. పంతులుగారూ మీరేమంటారని నన్ను అడిగితే, బుగ్గన వక్కపొడి పెట్టుకునే, ఇక్కడ ఎవరికీ ఏ అలవాటూ లేదని ఇంగ్లీషులో విన్నవించాను.

పెద్దాయన సంతోషించాడు. ఇంత శుభ్రమైన బస్తీని తాను చూడలేదన్నాడు. అయితే నిధులు కొంచెమే ఉన్నాయి, అవసరం ఎక్కువగా ఉన్న చోటికి అవి వెళ్ళాలి కదా అని ఫైలు మూసేశాడు. చిన్న డాక్టర్ ముఖం పాలిపోయింది. మేం అప్పటికి గ్రహించాం, మర్యాద కోసం మా గొంతు మేమే కోసుకున్నామని.

సిస్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. "పంతులూ, గా కుర్చీ ఎండలకు జరుపు," అంది. జరిపాను. ఆమె అందులో కూర్చుని, టార్చి తీసి పెద్దాయన చేతికిచ్చి, తల వెనక్కి వంచి నోరు తెరిచింది. కుడి బుగ్గను వేలితో లాగి పట్టుకుంది. లోపల కుట్లు వేసి మానిన పొడుగాటి మచ్చ ఉంది.

"జర్దా పాన్ తిన్న సార్," అంది నోరు మూసి, హిందీలో కాదు, మా అందరికీ అర్థం కావాలని మా మాటలోనే. చిన్న డాక్టర్ పక్కనుంచి పెద్దాయనకు హిందీలోకి మార్చి చెబుతున్నాడు. "నర్సు కొలువు చేసుకుంట, దొంగతనంగ, ఏండ్లకేండ్లు తిన్న. కేన్సర్ మొదలైంది. గీ గదిలనే, గీ చిన్న డాక్టరే పట్టుకుండు. చిన్నగ ఉండంగనే కోసి తీసిండ్రు. అందరి జవాబు ఇంటింటికి మోసిన, నాది మాత్రం దాసుకున్న. సిగ్గనిపించింది. గిప్పుడు మా గల్లీ గూడ నా లెక్కనే దాస్తున్నది."

గల్లీలో ఎవరూ కదల్లేదు. రోజూ తగవులాడుకునే మనిషి ఇంత పెద్ద సంగతి మోస్తూ తిరిగిందని నాకు తెలియనే తెలియదు. ముందుగా కదిలినవాడు యాదగిరి. వెళ్ళి షామియానా గుడ్డ లాగేసి, డబ్బా తెరిచి, వేలాడే పొట్లాల దండలన్నీ తెచ్చి పెద్దాయన ముందు పెట్టాడు. తర్వాత బొమ్మలకు రంగులేసే ఒకామె తన అత్తగారి ముందే కుర్చీలో కూర్చుంది. ఆమె లేవగానే అత్తగారు కూర్చుంది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్న గుట్కా అక్కడ బయటపడింది. నేను పక్కకు వెళ్ళి వక్కపొడి ఊసి వచ్చి వరసలో నిలబడ్డాను. ఢిల్లీవాళ్ళు సాయంత్రం దాకా మా నోళ్ళు చూస్తూనే ఉన్నారు. పోతూ పోతూ పెద్దాయన కూడా కుర్చీలో కూర్చున్నాడు. "నోరు తెరువు, ముచ్చట తర్వాత," అంది సిస్టరమ్మ ఆయనతో.

రెండో విడత వచ్చింది. ఆ గోడలు ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉన్నాయి. ఆ రోజు తర్వాత ఆమె తన ఆపరేషన్ కథను దాచడం మానేసి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పి మురిసిపోయేది. కేన్సర్‌ను దాటి బతికి, హాయిగా అన్నం తిని నిద్రలో పోయిందంటే, ఆమె దాన్ని కూడా గెలుపుగానే లెక్కవేసుకుని ఉంటుందని నా నమ్మకం.

జవాబులు మోయడంలో ఆమె పద్ధతి ఒకటుంది. మొదట్లో చెడ్డ కబురున్న ఇంటికి మాత్రమే వెళ్ళి కూర్చునేది, మిగతావాళ్ళకు వాకిట్లో నుంచే బాగుందని చెప్పేది. దాంతో ఆమె గడప లోపల అడుగుపెట్టిందంటే చాలు, ఆ ఇంట్లో జబ్బుందని గల్లీ అంతా గుప్పుమనేది. ఒకావిడ ఆ సిగ్గుతో చాలా రోజులు నీళ్ళకు కూడా బయటికి రాలేదు. అది చూసి సిస్టరమ్మ మార్చేసింది. మంచి కబురైనా చెడ్డ కబురైనా ప్రతి ఇంట్లోకీ వెళ్ళేది, వంటగదిలో పీట మీద కూర్చునేది, చక్కెర లేని చాయ్ తాగేది, అందరి దగ్గరా అంతే సేపు ఉండేది. ఆమె ముఖం చూసి ఎవరికి ఏ కబురు వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. "ఎవ్వరిని అడగొద్దు, ఎవ్వరు చెప్పొద్దు. చెప్పుకునే దాంక అది వాళ్ళదే," అనేది. ఒక్క గల్లీకి జవాబులు చెప్పడానికి ఇన్ని రోజులెందుకని చిన్న డాక్టర్ మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత, జవాబు చాయ్‌తో అందిన ఇళ్ళవాళ్ళు వైద్యం మధ్యలో మానడం లేదని అతనే గమనించి, తన నివేదికలో చాయ్ గురించి ఒక పేజీ రాశాడు. ఆ పేజీ చదివించుకుని ఆమె, నా చాయ్ ఢిల్లీ దాకా పోయిందని గల్లీ అంతా చెప్పుకుంది.

ఆమెను మట్టి చేసి వచ్చిన మూడో రోజు చిన్న డాక్టర్ ఫోన్ చేశాడు. ఈ వారం ఫలితాలన్నీ వచ్చాయి, తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు, కొత్త నర్సు వచ్చేదాకా ఈ ఒక్కసారికి ఫోన్లకు పంపించనా, మీకు అభ్యంతరమా అని అడిగాడు. నేను బస్తీ తరఫు మనిషిని కదా, నా మాట కావాలి. నా జవాబు కూడా అతని చేతిలోనే ఉందని ఇద్దరికీ తెలుసు. సరేనంటే ఆ క్షణమే నా ఫోన్ మోగుతుంది. అప్పటికి నేను సరిగా నిద్రపోయి చాలా రోజులైంది. నాలుకతో ఆ బుగ్గను తడుముకున్నాను. అవతల అతను హలో హలో అంటున్నాడు.

"వద్దు డాక్టర్. మీరే రండి," అన్నాను.

మర్నాడు వచ్చాడు. గల్లీ మొదట్లో యాదగిరి ఇంటితో మొదలుపెట్టాడు. మాది చివరి నుంచి రెండో ఇల్లు. వాకిట్లో కుర్చీ వేసుకుని నేను చూస్తూ కూర్చున్నాను. అతను ఒక ఇంట్లోకి వెళ్తాడు, కొంతసేపటికి మీసాలు తుడుచుకుంటూ వస్తాడు, పక్క ఇంట్లోకి వెళ్తాడు. ఎవరి ఇంట్లో ఏం చెప్పాడో అతని ముఖంలో వెతికాను, దొరకలేదు. బాగానే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం తిరిగాక మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ వంటగదిలో పీట వేసింది. అతను కూర్చుని, చాయ్ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

ఏం చెప్పాడో మీకు చెప్పను. మా గల్లీలో అది అడగరు.

మిగిలిన చాయ్ తాగేసి అతను లేచాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఎండ గోడల మీద పడి అతని తెల్లచొక్కా కూడా గులాబీ రంగుగా కనిపిస్తోంది. పొట్ట నిమురుకుంటూ చివరి ఇంటి వైపు నడిచాడు. అక్కడ బొమ్మలకు రంగులేసే ఆమె మోచేతుల దాకా అంటిన పసుపు రంగును కడుక్కుంటూ, "రండి డాక్టర్ సాబ్, చాయ్ అయితాంది," అంటోంది.